పుట్టుమచ్చల గడి

పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలకొక గడి ఉంటుంది. ఒంటిమీద ఎన్ని ఉన్నా ఒకటో రెండో రాస్తే చాలు. ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' (1991) తొలిసారి చేతికొచ్చినప్పుడు, పేరు చూడగానే నాకా గడే గుర్తొచ్చింది. నిన్ను గుర్తు పట్టడానికి ఇదొక్కటీ చాలని ఎవరో తేల్చేసిన గుర్తు. (ఆ కవిత బాబ్రీ మసీదు కూలాక వచ్చిందనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మసీదు కూలింది 1992 డిసెంబర్ 6న. కవిత అంతకుముందే ఉంది.)

అందులోని 'నేను' ఒక మనిషి బయోడేటా కాదు. అనుమానించేవాడికి సంజాయిషీ ఇచ్చుకోడు, ఎత్తిపొడుస్తాడు. దాని బలం అక్కడుంది.

తర్వాత మనం, 1998లో వచ్చిన 'జల్జలా'తో సహా, మంచి కవితలు చాలా రాసుకున్నాం. కానీ మెల్లమెల్లగా మన 'నేను'లన్నీ ఒకే అచ్చులో పడ్డాయి. పేదరికం, మాసిన బుర్ఖా, క్రికెట్ మ్యాచ్ రోజు అనుమానపు చూపులు, చివర్లో ఈ మట్టి నాదేనన్న ప్రమాణం. ఇవి అబద్ధాలని కాదు. దరఖాస్తులో రాసే నిజాలు. చదివేవాడికి ఏం కావాలో మనకి ముందే తెలిసి రాసినవి.

ఇతరుల మీద రాళ్ళేయడం లేదు. ఒక సంకలనానికి ఐదు లైన్ల పరిచయం అడిగితే 'నిరుపేద ముస్లిం కుటుంబంలో పుట్టాను' అని నేనే రాశాను. పుస్తకం వచ్చాక అబ్బాకి చదివి వినిపించాను. కుట్టుమిషన్ ఆపి, "అపన్ గరీబ్ కబ్ థే రే?" అన్నాడు. మనం ఎప్పుడు బీదోళ్ళమురా అని. ప్రతి ఈద్‌కీ ఇంటిల్లిపాదికీ తన చేత్తో కొత్తబట్టలు కుట్టిన మనిషి. రేడియోలో ఘంటసాల పాట వస్తే మిషన్ తొక్కడం ఆపేవాడు. అదేదీ నా ఐదు లైన్లలో లేదు. పట్టక కాదు, పనికిరాదనుకున్నాను.

ఇస్మాయిల్ సంగతి వేరు. కాకినాడలో ఫిలాసఫీ లెక్చరర్, చెట్టు తన ఆదర్శమన్న కవి. ఆయన మనవాడు కాదన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన గడి ఖాళీగా వదిలేశాడు, ఆ హక్కు కవికి ఉంది. అయితే ఖాళీ గడినీ జనం వదలరు. 'ముస్లిమై ఉండి ఎంత చక్కటి తెలుగండీ!' అంటారు. ఆ మెచ్చుకోలు నేనూ తిన్నాను, గొంతు దిగదు.

ఈ పుస్తకానికీ పరిచయం అడిగారు. మూడుసార్లు కొట్టేశాను. చివరికి పేరు, ఊరు రాసి, 'నిరుపేద' ఉన్నచోట 'దర్జీ కొడుకు' అని పెట్టాను. ఈసారి అబ్బాకి ముందే చదివి వినిపించి పంపాను.