జడ కోలాటంలో చిక్కు ఎవరిది?

కోలాటం నేర్పడం ఏముంది, రెండు కోలలు చేతికిస్తే చాలనుకునేవాళ్ళు ఒక్క సాయంత్రం మా పశ్చిమ మారేడుపల్లి కాలనీ హాలుకి వచ్చి చూడాలి. ఇరవై రెండేళ్ళ అమ్మాయి మొదలు అరవై ఎనిమిదేళ్ళ పిన్నిగారి దాకా పన్నెండుమందిమి. ఒకమ్మాయి భరతనాట్యం నేర్చింది. ఇద్దరు బతుకమ్మ చుట్టూ తప్ప ఎక్కడా అడుగు కదిపి ఎరగరు. మిగతావాళ్ళం మోకాళ్ళ నొప్పులవాళ్ళం. దసరాకి జడ కోలాటం వెయ్యాలని మాత్రం అందరికీ ఒకటే ఉబలాటం!

జడ కోలాటం మీరూ చూసే ఉంటారు. పైన కొక్కేనికి రంగురంగుల పట్టీలు కట్టి, తలొకటి పట్టుకుంటాం. సగం మంది ఒక దిక్కున, సగం మంది ఎదురు దిక్కున తిరుగుతూ, ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలినుంచి, మరుసటి మనిషిని బయటినుంచి దాటుకుంటూ పోతే పైన జడ అల్లుకుంటుంది. మళ్ళీ వెనక్కి తిరిగి అదే వరుసలో నడిస్తే విడిపోతుంది. మామూలు కోపుల్లో ఒకావిడ తప్పితే పక్కావిడ కోల కాస్త ముందుకు చాచి సర్దేస్తుంది. ఇక్కడ ఆ వీల్లేదు. చేసిన తప్పు నెత్తిమీద వేలాడుతూ ఉంటుంది.

మాకు నేర్పిన మాస్టారి అడుగుకి వంక పెట్టలేను. ముచ్చటైన అడుగు. నా పేచీ అంతా ఆయన ఈలతో. కాలు మారాల్సిన క్షణానే సరిగ్గా ఈల వేస్తారు. వచ్చినవాళ్ళకి అది చాలు. రానివాళ్ళకి ఈల "మారు" అంటుందే గాని "ఎటు" అన్నది చెప్పదు కదా! పాటేమో సెల్‌ఫోనులోంచి. తాళాలు పట్టుకుని ఒక మనిషి పాడితే, తడబడినచోట ఒక చరణం సాగదీస్తుంది. ఫోనుకి మా మోకాళ్ళ సంగతేం తెలుసు? ఇవి చాలనట్టు బాగా ఆడేవాళ్ళని "ముందు వరస"లో నిలబెట్టారు. గుండ్రంగా తిరిగేదానికి ముందు వరసేమిటండీ?

మూడోరోజు అల్లిక చక్కగా కుదిరింది. విప్పేటప్పుడు ఎరుపూ పసుపూ ముడిపడిపోయాయి. ఎర్ర పట్టీ పిన్నిగారిది, పసుపు నాది. మాస్టారు ఎవరివంక చూశారో చెప్పక్కర్లేదు. "మీరు కూర్చుని తాళం వెయ్యండమ్మా" అన్నారు. పిన్నిగారు చెంగుతో మొహం తుడుచుకుని కుర్చీలో కూర్చున్నారు. నేనూ ఊరుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. లేచి, జనరల్ బజారులో మనవరాలికి కొన్న రిబ్బన్లు కిటికీ ఊచకి కట్టి అల్లి చూశాను. వరసగా ఇద్దర్ని బయటినుంచే దాటింది నేను! అల్లికలో ఆ తప్పు కనపడదు. విప్పేటప్పుడు అందరూ సరైన వరుసలో వెనక్కి నడుస్తారు కనుక అప్పుడు బయటపడుతుంది. జడ విడిపోవాలంటే తప్పునీ తప్పుగానే వెనక్కి నడిచి రావాలి.

మర్నాడు అందరి ముందూ చెప్పేశాను. దాంతోపాటు నోరు తిరిగినన్నాళ్ళూ చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటి చెప్పాను. క్రిందటేడు బోస్టన్ దగ్గర మా అమ్మాయి కాంట్రా డాన్సుకి తీసుకెళ్ళింది. రెండు పొడుగాటి వరసలు, ఎదురెదురుగా జంటలు. అందులోనూ జడలాగే అల్లుకుపోయే నడక ఒకటుంది. అక్కడ ముందు పాట లేకుండా ఒకసారి నడిపించి చూపిస్తారు. తర్వాత మైకు దగ్గర నిలబడ్డ మనిషి, ఒక అడుగు పూర్తి కాకముందే, చివరి రెండు మూడు దెబ్బల్లో రాబోయే అడుగు పేరు చెబుతుంది. పాట అరవైనాలుగు దెబ్బలు. అది తిరిగొచ్చినప్పుడల్లా ఎదుటి జంట మారుతుంది కనుక నాలాంటి కొత్తవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్ళు ఎదురవుతూనే ఉంటారు. అందరికీ పట్టుబడ్డాక ఆవిడ మాట్లాడ్డం మానేసింది. అదీ నాకు నచ్చిన ముక్క.

"దేవుడి ముందు వేసేది, తప్పులుండకూడదు" అన్నారు మాస్టారు. హంపిలో మహర్నవమి దిబ్బ రాళ్ళమీద కోలాటమాడే ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరూ మొదటిరోజే నేర్చేశారా అన్నాను. ఆయన నవ్వి ఈల జేబులో పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళం ఒక దిక్కున, కొత్తవాళ్ళు ఎదురు దిక్కున నడిచేటట్టు మార్చాం. జడ కోలాటంలో ఎదురు దిక్కువాళ్ళే ఎదురవుతారు కనుక కొత్తావిడకి ప్రతిసారీ తెలిసినావిడే తగులుతుంది. కంటితో సైగ చేస్తే చాలు. పాటకి మా మేడమీది వదినగారు కూర్చున్నారు. మాస్టారు అరదెబ్బ ముందుగా "లోపలికి... బయటికి..." అనసాగారు.

పిన్నిగారిని పిలుచుకు రావడానికి రెండుసార్లు వెళ్ళాల్సొచ్చింది. "నాకెందుకే, చూస్తానుగా" అంటారు. మూడోసారి ఎర్ర పట్టీ ఇంటికే తీసుకెళ్ళి చేతిలో పెట్టాను.

దసరా నాడు విప్పేటప్పుడు ఒకచోట చిక్కు పడనే పడింది. వదినగారు చరణం సాగదీసింది. అందరం రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ మొదలెట్టాం. చూసేవాళ్ళలో ఒక్కరూ లేచి వెళ్ళలేదు.