పూర్వుని భూమి: ఒక నవలాకర్త్రి పరిశోధనము

వంశచరిత్రము వ్రాయబూనినవారు దొరకినదానిని దాచుటకును, దొరకనిదానిని గల్పించుటకును లోనగుచుందురు. ఆస్ట్రేలియా దేశపు నవలాకర్త్రి కేట్ గ్రెన్‌విల్ తన తల్లివైపు పూర్వుడగు సాలమన్ వైజ్‌మన్ జీవితమును శోధింపబోయి మొదటిదానిని జయించెను గాని, రెండవదానికి లొంగినదని మా తలంపు. ఆ శోధనమునుండి రెండు గ్రంథములు పుట్టినవి. 2005లో ‘ది సీక్రెట్ రివర్’ అను నవల వెలువడినది. ఆ నవల యెట్లు పుట్టినదో చెప్పు ‘సెర్చింగ్ ఫర్ ది సీక్రెట్ రివర్’ అను వచనగ్రంథము 2006లో వచ్చినది. నవలకు కామన్వెల్తు రచయితల బహుమానము లభించినది. బుకర్ బహుమానపు తుదిపట్టికలో గూడ నది చేరినది. రెండవ గ్రంథమునకు అంతటి ప్రసిద్ధి గలుగలేదు. అయినను రెండును జదివినపిమ్మట మాకు రెండవదే యెక్కువ విలువగలదిగా దోచినది. ఎందువలన దోచినదో చదువరులకు విన్నవింతుము.

వైజ్‌మన్ కథ వినసొంపైనదే. లండనులో థేమ్సు నదిపై సరకుపడవలు నడుపుకొని బ్రదుకువాడు. అద్దకమునకు బనికివచ్చు బ్రెజిలుకఱ్ఱను దొంగిలించెనని 1805లో ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున నేరము రుజువై యురిశిక్ష పడినది. అది పిమ్మట యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మారినది. 1806లో భార్యతోగూడ సిడ్నీ చేరెను. కొన్నియేండ్లకే స్వేచ్ఛను బొంది, హాక్స్‌బరీ నదీతీరమున భూమి సంపాదించి, పూటకూటియిల్లు పెట్టి, 1827లో నదిపై బల్లకట్టు నడపుటకు బూనుకొనెను. ఖైదీలచే వేయింపబడుచున్న యుత్తరపు పెద్దబాట యా రేవుమీదుగనే పోవుటచే ఇతనికి ధనము కురిసినది. దొంగగా వచ్చినవాడు దొరయై 1838లో మరణించెను. ఆ యూరికి నేటికిని అతని పేరే నిలిచియున్నది; బల్లకట్టును నడచుచునే యున్నది. ఇట్టి కథను బిడ్డలకు జెప్ప నే తల్లి యుత్సహింపదు? గ్రెన్‌విల్ తల్లియు జెప్పెను. బిడ్డ విని సంతోషించెను.

ఆ కథలో లేనివారు కొందఱు గలరు. ఆ నదీతీరములయందు దారుగ్ మొదలగు ఆదిమజాతులవారు వేలకొలది సంవత్సరములుగా నివసించుచుండిరి. 1794లో ఇంగ్లీషు వలసవారు హాక్స్‌బరీ తీరమున సేద్యము మొదలిడిరి. అది మొదలు 1816 వఱకు నచ్చట నడపాదడపా పోరు సాగుచునే యుండినది. తల్లి చెప్పిన కథలో నీ పోరునకు జోటు లేదు. 2000 సంవత్సరము మే 28వ తేదీని ఇరుజాతుల పొత్తును గోరుచు సిడ్నీ రేవువంతెనపై సుమారు 2,50,000 మంది నడచిరి. వారిలో గ్రెన్‌విల్ యొకతె. ఆ నడకలో ఒక ఆదిమజాతి స్త్రీ చూపును ఆమె చూపును గలిసికొన్నవి. నా పూర్వుడు ఈమె పూర్వులకు ఎదురుపడినప్పుడు ఏమి జరిగియుండును? ఈ ప్రశ్న అంతకుముందు తనకు దోచనేలేదని ఆమె యొప్పుకొన్నది. మా దృష్టిలో ఆ యొప్పుకోలే యీ రచనలన్నిటికిని మూలధనము.

ఇంకొక చిన్నసంగతి గలదు. పూర్వుడు హాక్స్‌బరీ తీరమున భూమి ‘టుక్ అప్’ చేసెనని ఆమె ఇంటివారు వాడుకగా ననుచుండెడివారు. ఒక ఆదిమజాతి రచయిత్రితో మాటలాడుచు గ్రెన్‌విల్ ఆ మాటనే పలుకగా, ఆ రచయిత్రి వెంటనే యడ్డుకొని, ‘అప్’ అనుట యెందులకు, తీసికొన్నాడనియే చెప్పరాదా యని ప్రశ్నించినది. ఉపసర్గము ధాతువునర్థమును మార్చివేయునని మేము బడిలో ‘ఆహారము, సంహారము, పరిహారము’ అను నుదాహరణములతో ఏటేట జెప్పుచుందుము. ఆంగ్లమున నీ రెండక్షరముల యుపపదము చేసిన పని మాకెన్నడును దోచలేదు. ‘తీసికొనెను’ అన్నచో ఎవరినుండి యను ప్రశ్న వచ్చును. ‘అప్’ చేర్చినంతనే యాప్రశ్న మాయమగుచున్నది; నేలమీద బడియున్నదానిని చేతికెత్తుకొన్నట్లు వినబడుచున్నది.

మన భాషలో నిట్టి మాటలు లేవా? ‘అడవి కొట్టి భూమి చేసినాడు’ అని మా యింటను మా ముత్తాతనుగూర్చి చెప్పుకొందురు. ఈ గ్రంథము చదివిన వారముననే మా మేనత్తగారిని, ఆ భూమి అంతకుముందెవరిదని యడిగితిమి. “ఎవరిదేమిట్రా, అడవి!” అని ఆమె మామీద విసుగుకొన్నది. ‘బంజరు’ అను మాటను మేము పాఠములలో నెన్నిమారులు వ్రాయించితిమో లెక్కలేదు. కొండపోడు చేయువాడు రెండేండ్లు దున్ని, నేల కోలుకొనుటకై కొన్నియేండ్లు విడిచిపెట్టును. దస్త్రము వ్రాయువాడు ఆ విడిచిన యేడు చూచినచో అది బంజరే. ఆస్ట్రేలియాలో నట్టి వ్రాత ఖండమంతటికిని వర్తించినది. ఆ నేల యజమాని లేనిదను వాదమును అచ్చటి హైకోర్టు 1992లో, మాబో వ్యాజ్యమున, త్రోసివేసినది.

గ్రెన్‌విల్ శోధనమునకు లండను వెళ్లెను. పాత నేరవిచారణల యచ్చుప్రతులలో వైజ్‌మన్ పేరు దొరకినది. సిడ్నీ దస్త్రములలో నతని వ్యవహారములు దొరకినవి. ఆ కాగితములలో దొంగతనమున్నది, శిక్షయున్నది, భూమియున్నది, బల్లకట్టున్నది. ఆ నేలపై అంతకుముందున్నవారితో నతడెట్లు మెలగెనో తెలుపు కాగితమొక్కటియు ఆమెకు జిక్కలేదు. మొదట నిజచరిత్రముగా వ్రాయదలచినది, ఈ శూన్యమునొద్ద నిలిచిపోయి, తుదకు నవలగా మార్చినది. వైజ్‌మన్ విలియం థార్న్‌హిల్ అయ్యెను; అతనికి శాల్ అను నిల్లాలు గలిగెను.

నవలలోని మేలును జెప్పకుండుట యన్యాయము. థార్న్‌హిల్ మొక్కజొన్న నాటుటకు నేలను చదునుచేయుచు, ఏవో పూలమొక్కలని పెఱికి పాఱవైచును. అవి యచ్చటివారికి ఆహారమగు దుంపమొక్కలు. తమ తోటను పెఱికినచోట మొలచిన మొక్కజొన్నను వారు కోసికొనగా అతడు దొంగలని మొఱపెట్టును. ఎవరు దొంగ యని రచయిత్రి నోటితో చెప్పదు. కఱ్ఱదొంగగా నోడయెక్కివచ్చినవాడు దొంగలుదొంగలని యఱచుట చదువరి చెవిలో బడును, అది చాలును. శాల్ చెట్టుబోదెపై వారములకు గీతలు గీయుచు, లండనునకు తిరిగిపోవు దినమునకై లెక్కించుకొనుటయు నట్టిదే. తుదకు థార్న్‌హిల్ కట్టించిన గొప్పయింటి యంతస్తు క్రింద, అచ్చటివారు రాతిపై జెక్కిన చేప యణగియుండును. ఇంటిలోనివారికి అది కనబడదు, అతనికి మాత్రము తెలియును. ఇట్టి కల్పనముల కెవరును చేయెత్తి నమస్కరింపవలసినదే.

చరిత్రకారులు మాత్రము కోపించిరి. ఇంగా క్లెండినెన్ అను విదుషి 2006లో, గతమెవరి సొత్తు అను ప్రశ్నతో నొక దీర్ఘవ్యాసము వ్రాసి, ఈ నవలారచనా పద్ధతిని ఖండించెను. చరిత్రకారులు క్రింద గలహించుచుండగా నవల నిచ్చెనపై నిలిచి చూచునను భావము గలుగునట్లు గ్రెన్‌విల్ రేడియోలో మాటలాడుటయు వారికి నొప్పి గలిగించినది. ముఖ్యమైన యాక్షేపణ యేమనగా, ఒకచోటి సంగతిని మఱియొకచోట దెచ్చిపెట్టుట. 1788లో గవర్నరు ఫిలిప్పు, పార దీసికొనిపోవుచున్న యొక వృద్ధుని మెల్లగా జఱచిన వృత్తాంతమును థార్న్‌హిల్ చేతికిచ్చిరి. 1838లో వాటర్లూ క్రీక్ అనుచోట ఉత్తరపు మైదానములలో జరిగిన హత్యాకాండను, హాక్స్‌బరీకి, 1814 ప్రాంతమునకు దెచ్చిరి. మొదటి విషయమున మేము చరిత్రకారుల పక్షమే. ఒకరినొకరెఱుగని వారు మొదటిసారి కలిసికొన్ననాటి చఱపు వేఱు, ఇరువది యేండ్ల పోరు నడచిన పిమ్మట చఱపు వేఱు. చేయి యొకటే యైనను, దాని యర్థమును వినువాడు మాఱిపోయినాడు. రెండవ విషయమున మేమంత పట్టుపట్టము. కావ్యమునకు స్థలకాలములను మార్చు నధికారము మనవారెప్పుడో యిచ్చియున్నారు.

మా యాక్షేపణ వేఱొకటి. నవలలో స్మాషర్ సల్లివన్ అను పరమక్రూరుని సృష్టించిరి. అతడు నల్లవారిని హింసించును, గొలుసులతో బంధించును, చంపుటకు నుత్సహించును. బ్లాక్‌వుడ్ అనువాడు వారితో గలసిమెలసి బ్రదుకును. థార్న్‌హిల్ వీరిరువురి నడుమ నిలుచును, తడబడును, భార్యను, భూమిని గోల్పోవుదునేమో యను భయముచే, మనస్సొప్పకయే హత్యాకాండకు దోడుపోవును. పాపములోని కాఱునలుపంతయు స్మాషరునకు బోయినది. పూర్వునకు మిగిలినది బూడిదరంగు. బిడ్డ డిక్ తండ్రిని విడిచి బ్లాక్‌వుడ్ నొద్దకు బోవుటతో తండ్రికి శిక్షయు దీరినది. న్యాయస్థానమున మంచి వకీలు చేయు పని యిదియే: నేరమును నేర్పుగా నొప్పుకొని, నేరస్థునిపై జాలిని బుట్టించుట. పూర్వుడు చంపెనో చంపలేదో తెలియనిచోట, పేరు మార్చి, చంపినట్లును, చంపి కుమిలినట్లును వ్రాసినచో, నిందయు వైజ్‌మన్ మీద బడలేదు, ప్రశ్నయు గ్రెన్‌విల్ మీద మిగులలేదు. ఆ దుఃఖము నిజమైన వైజ్‌మన్ పడెనని చెప్పు కాగితమును లేదుగదా!

ఆదిమజాతివారి మనస్సులోనికి బ్రవేశించుట తనకు దగదని యెంచి గ్రెన్‌విల్ వారిని బయటినుండియే చిత్రించెను. ఈ వినయమును మేము శ్లాఘింతుము. అయితే దానివలన నవలలో దుఃఖించుట, సంశయించుట, తలపోయుట యంతయు దెల్లవారి వంతైనది. 2013లో ఆండ్రూ బోవెల్ దీనిని నాటకముగా మార్చి సిడ్నీలో నాడించినప్పుడు ఈ కొఱతను గుర్తించిరి. ఆదిమజాతి పాత్రలు రంగముపై దారుగ్ భాషలోనే మాటలాడిరి. కథ చెప్పుటకు నాజాతి స్త్రీనే నిలిపిరి. ప్రేక్షకులలో నాభాష తెలియనివారు థార్న్‌హిల్ వలెనే, ఎదుటివాడేమనుచున్నాడో యెఱుగక కూర్చుండవలసివచ్చినది.

వచనగ్రంథమున నీ మఱుగులేవియు లేవు. వైజ్‌మన్ వైజ్‌మన్‌గానే యున్నాడు. వెదకినది, దొరకినది, దొరకనిది యున్నవియున్నట్లు గలవు. తల్లి చెప్పిన కథను బిడ్డ నమ్మిన తీరును, నమ్మి సిగ్గుపడిన తీరును దాచలేదు. నవలలో నతికించిన సంగతులెక్కడివో దానిలోనే చెప్పినది. చరిత్రకారులకు గొడ్డలి నందిచ్చినదియు నామెయే. మేము కొన్నిపుటలను రెండుసారులు చదివితిమి. అవన్నియు కాగితము దొరకనిచోట్లే.

గ్రెన్‌విల్ కును ఈ ప్రశ్న యింకను దీరినట్లు లేదు. 2011లో ‘సారా థార్న్‌హిల్’ అను నవలతో నాకుటుంబపు కథను బొడిగించెను. 2025లో ‘అన్‌సెటిల్డ్’ అను వచనగ్రంథమున, తన కుటుంబకథలలోని యూళ్లకు దానే ప్రయాణముచేసి, ఆ కథలు విడిచిపెట్టిన యచ్చటి తొలివాసులను వెదకినది. ఈసారి థార్న్‌హిల్ మాఱుపేరు నాశ్రయింపలేదు. ఇరువదియేండ్ల పిమ్మట నామెయే కల్పనమును విడిచి వచ్చుట మా మాటకు గొంత బలము నిచ్చుచున్నది.

ఈ గ్రంథములను దెనుగు చేయదలచువారెవరైన నున్నచో నవలతో మొదలిడవలదని మా మనవి. మొదట ‘సెర్చింగ్ ఫర్ ది సీక్రెట్ రివర్’ను దెనిగింపవలెను, అందు ‘టుక్ అప్’ అనుచోట ‘భూమి చేసెను’ అని వ్రాయుదురో, ‘తీసికొనెను’ అని వ్రాయుదురో చూడవలెనని మాకు గుతూహలముగా నున్నది.