భూమి, గ్రహము, గ్రహణము: బాలపాఠములలోని ఖగోళపదముల విచారము

ఖగోళపాఠములను గూర్చి తెలుగు శాఖవారి పత్రికలో వ్రాయుట కొందఱికి అప్రస్తుతముగా తోపవచ్చును. అది శాస్త్రోపాధ్యాయుల పనియనియు, భాషాధ్యాపకులకు దానితో ప్రమేయము లేదనియు వారి తలంపు. మేమట్లు తలంపము. భూమి గోళమని గాని, అది సూర్యుని చుట్టును తిరుగుచున్నదని గాని బాలుడు తన కన్నులతో చూడలేడు. ఆ సంగతి వానికి మాటల రూపముననే అందవలయును. ఆ మాటలు తెలుగు మాటలు; వానిలో పెక్కింటికి బడిలో అడుగిడకమునుపే బాలుని మనస్సున ఒక అర్థము స్థిరపడియున్నది. పాఠ్యపుస్తకము ఆ అర్థమును విచారింపక, దానిపై మఱియొక అర్థమును మోపుచున్నది. మా యభియోగమంతయు నింతియే.

కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామపాఠశాలలో ఆఱవ తరగతి పాఠము వినుచు వెనుక బల్లపై కూర్చుండియుంటిమి. గ్రహములు ఎనిమిది యనియు, మనము నివసించు భూమియు నొక గ్రహమేయనియు ఉపాధ్యాయుడు చెప్పెను. ఒక బాలిక లేచి, "భూమి గ్రహమే అయితే శివాలయంలో నవగ్రహాల దగ్గర దాని బొమ్మ లేదేం సార్?" అని యడిగినది. తరగతి యంతయు నవ్వినది. "అది వేరు, ఇది వేరు, కూర్చో" అని ఆయన పాఠము సాగించెను. ఆ సమాధానము అసత్యము కాదు. కాని ఎట్లు వేఱో చెప్పు వాక్యము ఆయన చేతిలోని పుస్తకమున లేదు. తరువాత మేము పరిశీలించిన పుస్తకములలోను కానరాలేదు. తప్పు ఆయనది కాదు.

గ్రహశబ్దమునకు మూలము పట్టుకొనుట యను అర్థముగల ధాతువు. మానవుని పట్టుకొని ఫలమిచ్చునది గ్రహము. ఈ యర్థమున సూర్యుడును చంద్రుడును గ్రహములే. ఏ రూపమును లేని రాహుకేతువులును గ్రహములే. పట్టుబడువాడు నిలిచియున్న భూమి మాత్రము గ్రహము కానేరదు. ఆధునికశాస్త్రమున గ్రహమనగా సూర్యుని చుట్టును తిరుగు పెద్ద గోళము. ఈ రెండు జాబితాలకును ఉమ్మడియైనవి బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని యను ఐదు మాత్రమే. మొదటి జాబితాలో మిగిలినవి సూర్యచంద్రులు, రాహుకేతువులు. రెండవదానిలో మిగిలినవి భూమి, 1781లో కనుగొనబడిన యురేనస్, 1846లో కనుగొనబడిన నెప్ట్యూన్. 1930లో ప్లూటో చేరుటతో రెండవదియు తొమ్మిదైనది. ఈ కాకతాళీయమైన సంఖ్యాసామ్యము తెలుగు బాలునకు చేసిన కీడు ఇంతంత కాదు. నవగ్రహములనగానే ఇవియు అవియు నొక్కటేయని పెద్దలును భ్రమించిరి. మన పూర్వులకు ప్లూటో తెలిసియుండెనని వాదించినవారిని సైతము మేమెఱుగుదుము. 2006 ఆగస్టులో ప్రాగ్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఖగోళశాస్త్రసంఘము ప్లూటోను మరుగుజ్జు గ్రహముల కోవలో చేర్చుటతో ఎనిమిదికిని తొమ్మిదికిని భేదము తేటపడినది. పుస్తకములు అంకెను మాత్రము దిద్దుకొన్నవి. భేదమును వివరించుటకు చేతికందిన యవకాశమును జాఱవిడిచినవి.

గ్రహణశబ్దమును ఆ ధాతువునుండి పుట్టినదే. ఇంటిలో గ్రహణము "పట్టును", పిదప "విడుచును". పట్టుస్నానము, విడుపుస్నానము కలవు. పట్టువాడు రాహువని బామ్మ చెప్పును. పుస్తకమున నీడ కలదు, రాహువు లేడు. మూఢవిశ్వాసమని ఆయనను వెడలగొట్టినారు. ఇందువలన ఒక చిక్కు గలిగినది. చంద్రుడు సూర్యునికిని మనకును నడుమ వచ్చుట సూర్యగ్రహణమైనచో ప్రతి యమావాస్యకును గ్రహణమేల రాదు? తెలివిగల ప్రతి బాలుడును ఈ ప్రశ్న వేయును. చంద్రుని కక్ష్య భూకక్ష్యాతలమునకు సుమారు 5 డిగ్రీలు వాలియుండుటయే దానికి సమాధానము. ఆ రెండును ఖండించుకొను బిందువులు రెండు. అమావాస్యగాని పున్నమిగాని ఆ బిందువుల చేరువ సంభవించినపుడే గ్రహణము. ఆ బిందువులకు మన సిద్ధాంతకర్తలు పెట్టిన పేరులే రాహువు, కేతువు. ఆ బిందువులు వెనుకకు జరుగుచు సుమారు 18 సంవత్సరముల 7 నెలలకు ఒక చుట్టు పూర్తిచేయును. పంచాంగమున రాహువు వెనుకకు నడచుచు ఒక్కొక్క రాశిలో ఏడాదిన్నర యుండుటకు కారణమిదియే. పుస్తకము వెడలగొట్టిన రాహువే పుస్తకము చెప్పలేకపోయిన సమాధానమును చేతబట్టుకొని వాకిట నిలిచియున్నాడు! సర్పరాహువును నమ్ముమని మేము చెప్పుట లేదు. చంద్రుడు సూర్యుని కప్పుననియు, భూచ్ఛాయ చంద్రుని కప్పుననియు 499 నాటి గ్రంథముననే ఆర్యభటుడు చెప్పెను. బామ్మ రాహువునుండి ఆర్యభటుని నీడకు దారి యున్నదనియు, ఆ దారిని పుస్తకము చూపవలయుననియు మాత్రమే మా మనవి.

అమావాస్య యను మాటయు నిట్టిదే. 'అమా' యనగా కూడి. సూర్యచంద్రులు కూడి వసించు తిథి యమావాస్య. చంద్రుడు సూర్యుని దిక్కుననే యుండుటచేత ఆ రేయి కానరాడని ఆ పదమే చెప్పుచున్నది. చంద్రకళలు భూమి నీడవలన కలుగుచున్నవని వ్రాయు విద్యార్థులు పట్టపరీక్షలలోను కలరు. వారికి ఈ యొక్క వ్యుత్పత్తిని చెప్పినవారు లేకపోయిరి.

ఇక భూమి. "మాకు రెండెకరముల భూమి గలదు" అను వాక్యమున భూమి యేదో, "భూమి గుండ్రముగా నున్నది" యను వాక్యమున భూమి యేదో బాలున కెవరు విడదీసి చెప్పిరి? వాని యెఱుకలో భూమి దున్నునది, అమ్మునది, తగవులాడునది. అది బల్లపరుపుగా నుండును. గుండ్రని భూమి వేఱొకటి యెచ్చటనో ఆకాశమున వ్రేలాడుచుండవలయునని వాడు నిశ్చయించుకొనిన తప్పేమి? ఇది మా యూహ మాత్రము కాదు. వోస్నియాదు, బ్రూవర్ అను పరిశోధకులు అమెరికా బాలురను ప్రశ్నించి 1992లో ప్రకటించిన వ్యాసమున, తాము నిలిచిన చదునైన భూమి యొకటి, మింటనున్న గుండ్రని భూమి యొకటి యని రెండు భూములను భావించు బాలురు కలరని చూపిరి. సమరపుంగవన్‌తో కలిసి వారు 1996లో ప్రకటించిన మఱియొక వ్యాసము మనకు మఱింత సన్నిహితము. అది హైదరాబాదులోని ఒకటవ, మూడవ తరగతుల బాలురను గూర్చినది. భూమి నీటిపై తేలుచున్నదని పలికినవారు ఆ బాలురలో కలరు. ఇంటి కథలు బడి పాఠముతో ఎట్లు పెనగొనునో ఇందు తెలియుచున్నది. ఈ పద్ధతిని పిదప కొందఱు ఆక్షేపించిరి. బొమ్మ గీయుమనక, కొన్ని జవాబులనిచ్చి ఎంచుకొమ్మన్నచో బాలురు మేలుగా చెప్పుదురని వారి వాదము. అనగా ప్రశ్న యొక్క మాట మాఱిన జవాబును మాఱునన్నమాట. భాషాధ్యాపకులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఇంగ్లీషు 'ఎర్త్' శబ్దమునకును మట్టి యను అర్థము గలదు గాన దోషము తెలుగునకు మాత్రమే అంటగట్టరాదు. ఐనను మనకొక సదుపాయము కలదు. కాలిక్రిందిదానిని నేల యనియు, గ్రహమును భూగోళమనియు మొదటి రెండు మూడు తరగతులలో నియమముగా వాడినచో ఈ చిక్కు చాలవఱకు తీఱును. 'భూగోళము' అను మాటలో గోళము దాగియున్నది. ఏండ్ల తరబడి ఆ మాటను పలుకుచు నందులోని గోళమును గుర్తింపని విద్యార్థులను మేము చూచియున్నాము.

భ్రమణము, పరిభ్రమణము అను జంట మఱియొక బాధ. తన చుట్టు తాను తిరుగుట మొదటిది, సూర్యుని చుట్టు తిరుగుట రెండవది. ఒక్క ఉపసర్గచేత మాత్రమే భేదించు ఈ మాటలను పరీక్షలో తాఱుమాఱు చేయని బాలుడు అరుదు. ఇంటిలో దీపము ముందు నిలిచినచోటనే తిరుగుట ఆత్మప్రదక్షిణము, గుడి చుట్టు నడచుట ప్రదక్షిణము. తన దేహముతో చేసిన యీ రెంటిని వాడెన్నడును తాఱుమాఱు చేయడు. అన్ని మతముల బాలురును కూర్చుండు తరగతిలో ఈ పోలిక కొందఱికి పరాయి కావచ్చును. వారికి తిరుగుచునే నేలపై చుట్టుకొనిపోవు బొంగరము చాలును. కాని పోలిక యెచ్చట ఆగునో చెప్పుటయు ఉపాధ్యాయుని ధర్మమే. ప్రదక్షిణమున దేవుడు కుడివైపున నుండును. ఉత్తరధ్రువమునకు మీదనుండి చూచినచో భూమి తిరుగుట, చుట్టివచ్చుట రెండును దీనికి వ్యతిరేకమైన దిక్కుననే. పుస్తకములు దీనిని 'అపసవ్యదిశ' యనును. పితృకర్మలలో వినబడు ఆ మాట పిల్లవాని చెవికి అశుభముగా సోకునన్న యూహ వ్రాసినవారికి లేకపోయినది. పడమటినుండి తూర్పునకు అనినచో ఏ బాధయు లేదు. పడవలో ముందునకు పోవువానికి గట్టు వెనుకకు పోవునట్లు తోచునని ఆర్యభటుడు చెప్పిన దృష్టాంతమును దానికి జోడించినచో మఱియు బాగు.

చిత్రములను గూర్చి ఒక్క మాట. సూర్యునినుండి నెప్ట్యూన్ వఱకు గోళములను దండలోని పూసలవలె గ్రుచ్చిన బొమ్మ లేని పుస్తకము లేదు. పరిమాణమును దూరమును ఒక్క పుటలో నిజనిష్పత్తిన చూపుట అసాధ్యము. ఆ మాటను బొమ్మ క్రింద వ్రాయుట అసాధ్యము కాదు గదా! భూగోళము 2 మిల్లీమీటర్ల ఆవగింజ యనుకొన్నచో సూర్యుడు జానెడు అడ్డుకొలత గల గుమ్మడికాయ. రెంటికిని నడుమ 23 మీటర్లకు పైగా దూరము. చంద్రుడు గసగసపు గింజకంటెను చిన్నవాడై ఆవగింజకు 6 సెంటీమీటర్ల దూరమున నుండును. గురుడు చిన్న ఉసిరికాయ, గుమ్మడికాయకు 122 మీటర్ల దూరమున. నెప్ట్యూన్ శనగగింజ, సుమారు 700 మీటర్లకు ఆవల; బడి ఆవరణ దాటి ఊరి చివరకు పోవలయును. సూర్యునివంటి మఱియొక గుమ్మడికాయ కావలెనన్న 6,000 కిలోమీటర్లకు పైగా పోవలయును. ఈ పాఠమునకు కావలసిన సామగ్రి యంతయు వంటయింటిలోనే దొరకును. శూన్యము ఎంత శూన్యమో దీనివలన తెలియును; పూసల దండవలన తెలియదు.

పాత యర్థమును ఎదుర్కొని క్రొత్తదానిని చెప్పుట మన సాహిత్యమునకు తెలియని విద్య కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్యోతిశ్శాస్త్రసంగ్రహమును తెలుగున రచించిరి. 1910లో హేలీ తోకచుక్క కనబడినపుడు గురజాడ అప్పారావుగారు ముత్యాల సరములలో, జనులు అరిష్టమని భయపడు చుక్కను ఆ భయమును మఱుగుపఱుపకయే ఆత్మీయముగా నాహ్వానించిరి. భయమును పేరుపెట్టి పిలిచి, పిదప దానిని మార్చిరి. నేటి పాఠ్యరచయిత పేరైనను ఎత్తడు. వాని వాక్యము ఇంగ్లీషు నిర్వచనమునకు నీడ. కర్త యొకచోట, క్రియ మూడు పంక్తుల యవతల.

మా పరిశోధకవిద్యార్థులలో ఒకరైనను ఆకాశమును గూర్చి పల్లెలలో వాడుకలోనున్న మాటలను సేకరించి, వానిని పాఠములలోని మాటలతో సరిపోల్చినచో బాగుండును. పిల్లలకోడి యన కృత్తికలని తెలిసినవారు తగ్గుచున్నారు. వేగుచుక్క, శుక్రుడు, శుక్రవారము అను మూడింటను ఉన్నది ఒక్క గోళమేయని చెప్పు పాఠము మాకు కనబడలేదు. మూఢము వచ్చినది, పెండ్లిండ్లు లేవు అని ఏ యింటనైనను వినబడును. గురుడుగాని శుక్రుడుగాని సూర్యునికి చేరువై ఆ వెలుగులో కంటికి కానరాని దినములే మూఢము. శుక్రమౌఢ్యమున ముహూర్తము తప్పిన పెండ్లి యింటి బాలునకు శుక్రుడు కొన్నాళ్లు కనబడక మరల మఱియొక దిక్కున కనబడుటను చూపి, వేకువను తూర్పున వెలిగిన చుక్క మాపటివేళ పడమట ఏల వెలుగుచున్నదని అడుగవచ్చును.