పొగా, శీలమూ

జర్మన్ చిత్రకారుడు ఆటో డిక్స్ 1926లో సిల్వియా ఫాన్ హార్డెన్ అనే పత్రికా రచయిత్రి బొమ్మ వేశాడు. పొట్టి జుట్టు, ఒక కంటికే కళ్ళద్దం, ఎరుపూ నలుపూ గళ్ళ గౌను, కిందికి జారిన మేజోడు. పాలరాతి బల్ల మీద మద్యం గ్లాసు, అగ్గిపెట్టె. పొడుగాటి వేళ్ళ మధ్య సిగరెట్టు. ప్రస్తుతం అది పారిస్‌లోని పాంపిడూ సెంటర్ సొత్తు.

జర్మనీ వచ్చాక నాకు బాగా దగ్గరైన బొమ్మ ఇది. అందంగా ఉందని కాదు. డిక్స్ ఆమెని అందంగా చూపాలని అనుకోనే లేదు, కొంత వెక్కిరించాడు కూడా. కానీ ఆ సిగరెట్టుని మాత్రం నేరంగానూ చూపలేదు, ఘనకార్యంగానూ చూపలేదు. కాఫీ హోటల్లో కూర్చున్న ఒక మనిషి చేతిలో అది ఉంది, అంతే.

1933లో నాజీలు వచ్చారు. డిక్స్ డ్రెస్డెన్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. హార్డెన్ ఇంగ్లండు వెళ్ళిపోయింది. "జర్మన్ స్త్రీ పొగతాగదు" అన్న నినాదం బోర్డులకెక్కింది. ఆ మాటని నిదానంగా చదవండి. తాగితే జబ్బు చేస్తుందని చెప్పడం లేదు, తాగేది జర్మన్ స్త్రీయే కాదంటోంది. పొగాకుకీ కాన్సరుకీ ఉన్న సంబంధాన్ని తొలినాళ్ళలోనే పట్టుకున్నవాళ్ళలో ఆనాటి జర్మన్ డాక్టర్లు ఉన్నారు. 1941లో యేనాలో అందుకోసం ఒక పరిశోధనా సంస్థే పెట్టారు. అయినా యుద్ధంలో సైనికులకి సిగరెట్లు పంచుతూనే ఉన్నారు. ఊపిరితిత్తులు ఇద్దరికీ ఉన్నాయి, శీలం మాత్రం ఒకరికే!

మనం నవ్వుకోనక్కర్లేదు. కన్యాశుల్కంలో గిరీశం చుట్ట మనకి హాస్యం. సినిమా హీరో సిగరెట్టు ఎగరేసి నోటితో పట్టుకుంటే ఈలలు. అదే ఆడపాత్ర చేతిలో ఉంటే, ఆమె నోరు విప్పకముందే చెడ్డదని మనకి తెలిసిపోవాలి. విదేశాల కథలు రాసే మనకీ ఈ సులువు అలవాటైంది. అమ్మాయి "పాడైపోయింది" అని చెప్పడానికి ఒక సిగరెట్టు చాలు, పాత్రని కట్టే శ్రమ తప్పుతుంది.

మరి శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన అమ్మమ్మల సంగతి? వాళ్ళ శీలాన్ని ఎవరూ శంకించలేదు. వాళ్ళ అంగిలినీ ఎవరూ పట్టించుకోలేదు. 10,169 మంది ఆంధ్ర గ్రామీణుల నోళ్ళు పరీక్షించిన పరిశోధన ఒకటి 1971లో అచ్చయింది. అడ్డపొగ అంగిలిని ఎలా పాడుచేస్తుందో అందులో ఉంది. పల్లెటూరి ముసలమ్మ చుట్ట ఆచారం, చదువుకున్న పిల్ల సిగరెట్టు అనాచారం. రెంటిలోనూ ఒంటి సంగతి ఎవరికీ పట్టలేదు.

సిగరెట్టే స్వేచ్ఛ అనేవాళ్ళ మాటా నాకు రుచించదు. 1929లో న్యూయార్కు ఈస్టర్ ఊరేగింపులో ఆడవాళ్ళచేత "స్వేచ్ఛా కాగడాలు" వెలిగింపజేసిన ఎడ్వర్డ్ బెర్నేస్ పొగాకు కంపెనీ కొలువులో ఉన్నవాడు.

ఇక్కడి మాజీ ఛాన్సలర్ హెల్మూట్ ష్మిట్, ఆయన భార్య లోకీ ఇద్దరూ పేరుమోసిన పొగరాయుళ్ళే. హాంబర్గ్‌లో ఒక థియేటర్లో నిషేధాన్ని కాదని సిగరెట్లు వెలిగించారని 2008లో ఫిర్యాదు వచ్చింది. ఇద్దరి మీదా వచ్చింది, అదీ పొగ గురించే. ఆ విచారణ తరవాత మూసేశారనుకోండి. అయినా ఆ ఫిర్యాదులో ఉన్నపాటి సమానత్వం మన కథల్లో ఇంకా రాలేదు. పొగతాగే స్త్రీని రాయదలిస్తే, ఆమె దగ్గుని రాయండి, ఆమె మాటల్ని రాయండి. శీలం సంగతి సిగరెట్టుని అడక్కండి.