ముందు బార్, వెనక బార్

మన ఊళ్లలో ఏ మెకానిక్‌నడిగినా స్టెబిలైజర్ బార్ అంటే ముందు చక్రాల మధ్య ఉండేదే. గతుకుల్లో టకటక చప్పుడు మొదలైతే ‘లింక్ రాడ్డు పోయిందండీ’ అంటాడు, బుష్షులు కూడా మార్చి పంపేస్తాడు. మారుతి 800 రోజుల నుంచీ ఈ బార్ మనకు పరిచయమే. వెనక చక్రాల మధ్య కూడా విడిగా అలాంటి బార్ ఒకటి ఉండవచ్చని, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లను ప్రేమించేవాళ్లలో దాని చుట్టూ ఒక సంప్రదాయమే పెరిగిందని మాత్రం మనలో చాలామందికి తెలియదు. స్విఫ్ట్‌లాంటి కార్లలో వెనక ఉండే టోర్షన్ బీమ్ తానే మెలితిరుగుతూ, మలుపులో కారు ఒరగకుండా ఆపే ఆ బార్ పని కొంత చేసిపెడుతుంది గనక విడి బార్ అవసరం మనకు కనబడలేదు.

అమెరికాలో ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు వాళ్లు నడిపే సోలో పోటీల్లో, ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి వాటి మధ్య కార్లు తోలతారు. అందులో స్ట్రీట్ తరగతి నియమం ఒకటి నాకు చాలా ఇష్టం: ఒక్క బార్ మాత్రమే మార్చుకోవచ్చు. ముందుదా, వెనకదా అన్నది మీ ఇష్టం. ఆ నియమం ముందు నిలబడినప్పుడు వెనక చక్రాలతో నడిచే కార్లవాళ్లు ఎక్కువగా ముందు బార్‌ను ఎంచుకుంటారు, ఫ్రంట్ వీల్ డ్రైవ్ వాళ్లు వెనక బార్‌ను. రెండు వర్గాలదీ ఒకే లెక్క, జవాబులే వేరు.

ఆ లెక్క ఇది. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందన్నది కారు గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తిరిగే జోరు తేలుస్తాయి. బార్లు ఆ మొత్తాన్ని తగ్గించలేవు. ఉమ్మడి అప్పును అన్నదమ్ములిద్దరిలో ఎవరెంత తీర్చాలో చెప్పే పెద్దమనిషి పనే వాటిది. ఏ ఇరుసు బార్ గట్టిదైతే ఆ ఇరుసు ఎక్కువ భారం మోస్తుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. అందుకే ఎక్కువ మోసిన ఇరుసు ముందుగా జారుతుంది.

ఇక్కడి నుంచి దారులు చీలతాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో బరువులో 60 శాతానికి పైగా ముందు చక్రాల మీదే ఉంటుంది. లాగేదీ తిప్పేదీ కూడా ఆ రెండు టైర్లే. వాటికి బార్ భారం కూడా జోడిస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు బయటికే పోతుంది. దాన్నే అండర్‌స్టీర్ అంటాం. వెనక బార్ గట్టిపడితే ఆ భారంలో కొంత వెనక్కి పోతుంది, ముందు లోపలి చక్రం నేలను ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ చక్రం ఊరికే తిరగదు. 1976లో అమ్మకానికొచ్చిన గోల్ఫ్ జీటీఐ, 1984 నాటి పెజో 205 జీటీఐ మలుపుల్లో వెనక లోపలి చక్రాన్ని గాల్లోకి ఎత్తుకుని మూడు చక్రాల మీద పోయే ఫొటోలు ప్రసిద్ధం. చూసేవాళ్లకు భయమేస్తుంది గానీ ఆ భంగిమలో కారు హాయిగానే ఉంటుంది.

వెనక చక్రాలతో నడిచే కారులో తోసేవి వెనక టైర్లు గనక అదే లెక్క ముందు బార్ వైపు మొగ్గుతుంది. ముందు బార్ పక్షాన చెప్పాల్సింది మరొకటుంది. కొత్త డ్రైవరు మలుపులో జోరు ఎక్కువైందని తెలియగానే ఏం చేస్తాడు? కాలు తీసేస్తాడు. బరువు ముందుకు వస్తుంది, వెనక తేలికవుతుంది. వెనక బార్ గట్టిగా ఉన్న కారైతే ఆ క్షణంలో తోక బయటికి తిప్పుతుంది. ఈ స్వభావానికి 205 జీటీఐ ఎంత పేరు తెచ్చుకుందో అంతే చెడ్డపేరూ మోసింది. ముందు బార్ గట్టిగా ఉన్న కారు అదే క్షణంలో కాస్త మొండికేస్తుంది, జోరు తగ్గాక తనంతట తానే దారికొస్తుంది. స్టీరింగ్ దగ్గర ఎవరు కూర్చుంటారో కంపెనీలకు తెలియదు, అందుకే అవి ముందు వైపే మొగ్గుతాయి. దీన్ని పిరికితనమని కొట్టిపారేసే ఔత్సాహికులతో నేను ఏకీభవించను. ఎవరో తెలియని డ్రైవరు మీద చూపే దయ అది. అలాగే వెనక బార్‌ను దుడుకుతనం అనేవాళ్లతోనూ ఏకీభవించను. నేర్చిన చేతులకు అది కారును వంచే స్వేచ్ఛనిస్తుంది.

కొలతల విషయంలో మాత్రం రెంటిదీ ఒకే ధర్మం. బార్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల బార్ తీసి 24 పెడితే కంటికి తేడా ఆనదు గానీ గట్టిదనం 42 శాతం పెరుగుతుంది. 19 నుంచి 22కి పోతే 80 శాతం. బోలు బార్ గురించి మనవాళ్లకు అనుమానమెక్కువ, కానీ బయట 25, లోపల 17 మిల్లీమీటర్లున్న గొట్టం 23.5 మిల్లీమీటర్ల నిండు బార్‌తో సమానం, బరువు దాదాపు 40 శాతం తక్కువ. వెనక బార్లలో కొన్నిటికి చివర రెండు మూడు రంధ్రాలుంటాయి. లింకును లోపలి రంధ్రంలోకి మార్చి ఆర్మ్ పొడవు 250 నుంచి 230 మిల్లీమీటర్లకు తగ్గిస్తే గట్టిదనం దాదాపు 18 శాతం పెరుగుతుంది. ఒక్క స్పానర్‌తో అయ్యే పని. అయితే బార్ గట్టిపడితే దాన్ని పట్టుకున్న చోటూ గట్టిపడాలి. 90ల నాటి హోండా సివిక్‌లకు అదే కంపెనీ ఇంటెగ్రా టైప్ ఆర్ వెనక బార్ తగిలించడం ఒక రివాజు. అడ్డంగా బలమైన పట్టీ వెయ్యకుండా బిగించినవాళ్లకు సబ్‌ఫ్రేమ్ దగ్గర రేకు చిరిగిన సందర్భాలున్నాయి.

అసలు ఆసక్తికరమైన సంగతి రెండు బార్లూ ఒకదాని పాత్రలోకి మరొకటి జారుకునే చోటుంది. మన చిన్న కార్లన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. కారు ఒరిగినప్పుడు అది బయటి టైరును నిటారుగా నిలపలేదు, టైరు బయటి అంచు మీదికి వాలిపోతుంది. స్ప్రింగులు కోసి కిందికి దించిన కార్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు ఒరుగుదలను ఆపేది ఏదైనా ముందు పట్టును పెంచుతుంది. కారు బాడీ ఒక్కటే గనక వెనక బార్ కూడా ఆ పని చేస్తుంది, పైగా ముందు టైర్ల మీద అదనపు భారం వెయ్యకుండా. అందుకే మొదటి మొగ్గు వెనక బార్‌కే.

కానీ వెనక లోపలి చక్రం నేల విడిచిన క్షణం నుంచి వెనక బార్ కథ ముగిసినట్టే. అక్కడ బదిలీ కావడానికి ఇక బరువు మిగల్లేదు. ఆ పైన పెరిగే భారమంతా ముందుకే పోతుంది, ఒరుగుదలనూ ముందే మొయ్యాలి. ఇప్పుడు ముందు బార్‌ను కాస్త గట్టిపరిచారనుకోండి: వెనక చక్రం మళ్లీ నేలను తాకేదాకా ముందు బరువు పంపకం మారదు, ఒరుగుదల మాత్రం తగ్గుతుంది, టైరు నిటారుగా నిలుస్తుంది. ఏ ముందు బార్‌ను అండర్‌స్టీర్‌కు మూలమని తిడుతున్నామో అదే ఇక్కడ దాన్ని తగ్గిస్తుంది. అయితే ముందు లోపలి చక్రం వృథాగా తిరిగే బెడద అలాగే ఉంటుంది. 1995లో వచ్చిన ఇంటెగ్రా టైప్ ఆర్‌కు హోండా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కూడా ఇచ్చింది అందుకే. ఒక్క బార్‌తో ఆ కారు అలా మలుపు తిరగడం లేదు.

కాబట్టి డబ్బు పెట్టేముందు టైర్లు, గాలి సరిచూసుకుని, ట్రాక్ మీద ఒక మిత్రుడిని మలుపు లోపలి వైపు, సురక్షితమైన దూరంలో నిలబెట్టి వీడియో తీయించడం మంచిది. వెనక లోపలి చక్రం నేల మీదే ఉండి ముక్కు బయటికి పోతుంటే వెనక బార్ పెట్టుకోవచ్చు, మెత్తని రంధ్రంతో మొదలుపెట్టి. చక్రం అప్పటికే గాల్లో ఉంటే వెనక ఇంకా లావు బార్ కొనడం దండగ, ముందు వైపు చూడాలి. ఆ కారులోనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వానాకాలంలో అరకు ఘాట్ దిగే మాటైతే వెనక లింకు విప్పేసి, కంపెనీ ఇచ్చిన తూకంతోనే దిగమంటాను.