దెబ్బలు తినే గురువులు

ఫెన్సింగ్ గురించి తెలుగులో వచ్చే రాతలు పతకం దగ్గర మొదలై పతకం దగ్గరే ఆగిపోతాయి. చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయ ఫెన్సర్ అని అందరికీ తెలుసు. ఆమె చేతికి ఆ పని నేర్పిందెవరని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. ఈ విద్య గొప్పతనమంతా అక్కడే ఉందని నా గట్టి నమ్మకం. క్రికెట్ కోచ్ నెట్స్ వెనక నిలబడతాడు. పరుగుపందెం కోచ్ స్టాప్‌వాచ్ పట్టుకుని గీత పక్కన నిలబడతాడు. ఫెన్సింగ్ కోచ్ మాత్రం శిష్యురాలి కత్తికి ఎదురుగా నిలబడి దెబ్బలు తింటాడు. రోజూ తింటాడు, ఏళ్ళతరబడి తింటాడు.

ఫెన్సర్లు దీన్ని లెసన్ అంటారు. కోచ్ ఒంటికి మందపాటి తోలు జాకెట్టు, కత్తి పట్టిన చేతికి భుజం దాకా తోలు తొడుగు, మొహానికి మాస్కు. ఎదురుగా ఒక్కరే శిష్యురాలు. కోచ్ ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆమె రెండడుగులు నెమ్మదిగా ముందుకొస్తుంది. అతని మణికట్టు ఒక్క అంగుళం కిందికి జారుతుంది. జారడం ఏమిటి, కావాలనే జారుస్తాడు. ఆ సందు కనబడిన క్షణంలోనే ముందుకాలు చాచి నెత్తిమీద కొట్టాలి. కొట్టింది, మాస్కు మోగింది. అయినా కోచ్ తల అడ్డంగా ఊపుతాడు. చెయ్యి కంటే ముందు కాలు కదిలింది, కాబట్టి చెల్లదు. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి చెయ్యి ముందు సాగింది, భుజం మాత్రం బిగిసింది. మళ్ళీ. అరగంట లెసన్‌లో ఇలాంటివి వందల్లో జరుగుతాయి. మంచి కోచ్ ఎవరో చూడగానే తెలిసిపోతుంది. అతను చేసే తప్పు నిజమైన ప్రత్యర్థి చేసే తప్పులా ఉంటుంది. నాసిరకం కోచ్ సందు ఇచ్చి ఎదురుచూస్తూ నిలబడతాడు. శిష్యురాలు ఆ సందుకే అలవాటుపడి, పోటీలో అది దొరక్క బిత్తరపోతుంది.

ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలున్నాయి: ఫాయిల్, ఎపే, సేబర్. నేను సేబర్ పక్షం, ఇందులో దాపరికం లేదు. ఫాయిల్‌లో మొండెం మీద మాత్రమే పొడవాలి, ఎపేలో ఒంట్లో ఎక్కడైనా పొడవచ్చు. పొడవడానికీ నరకడానికీ రెంటికీ చోటున్నది సేబర్ ఒక్కదానిలోనే. నడుముకి పైన తల, చేతులు, మొండెం అన్నీ గురే. 14 మీటర్ల పట్టీ మీద ఇద్దరూ నాలుగు మీటర్ల దూరంలో నిలబడతారు. రెఫరీ అనుమతి ఇచ్చాక చాలా పాయింట్లు ఒకటి రెండు సెకన్లలో తేలిపోతాయి. ఒకరి దెబ్బ తగిలాక 170 మిల్లీసెకన్ల లోపల రెండోవాళ్ళ దెబ్బ కూడా తగిలితే స్కోరు చూపే పెట్టె మీద రెండు దీపాలూ వెలుగుతాయి. అప్పుడు దాడి ఎవరిదని రెఫరీ తేలుస్తాడో పాయింటు వాళ్ళదే. అందుకే సేబర్‌లో వేగం ఒక్కటే చాలదు. నెమ్మదిగా నడుస్తూ ఎదుటివాళ్ళని ముందుగా కదిలేలా చేయడం, వాళ్ళ దెబ్బ అరంగుళంలో తప్పిపోయేంత దూరం లాగడం, తప్పిన మరుక్షణం దాడిని తన చేతిలోకి తీసుకోవడం, ఇదీ అసలు పనితనం. ఎదుటివాళ్ళ దెబ్బని కత్తితో అడ్డుకునే కాపుకి అంకెలుంటాయి. మూడోది బయటి వైపు, నాలుగోది రొమ్ము వైపు, అయిదోది తలకి. అయిదో కాపు పట్టి వెంటనే ఎదురుదెబ్బ తీసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అంకెలు పుస్తకంలో దొరుకుతాయి. ఎప్పుడు పట్టాలో మాత్రం కోచ్ చేతి నుంచే రావాలి.

ఈ చేతుల వరస పాతది. 1896లో ఇటలీ నుంచి ఇటాలో సాంటెల్లి బుడాపెస్ట్ వచ్చి స్థిరపడ్డాడు. ఆ తర్వాత హంగరీ సేబర్‌కి అడ్డులేకపోయింది. 1908 నుంచి 1964 దాకా పురుషుల సేబర్ వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం, హంగరీని పిలవని 1920 ఒక్కటి మినహా, ప్రతిసారీ హంగరీ వాళ్ళకే దక్కింది. అలదార్ గెరెవిచ్ 1932 నుంచి 1960 దాకా ఆరు ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం గెలిచాడు. మధ్యలో యుద్ధం రెండు ఒలింపిక్స్‌ని మింగేసింది కూడా! యాభై ఏళ్ళు వచ్చాయి, ఇక చాలన్న సెలెక్టర్లకి జవాబుగా జట్టులో ఉన్నవాళ్ళందరితో ఒక్కొక్కరిగా తలపడి ఓడించాడని చెప్పుకుంటారు. సాంటెల్లి దగ్గర తయారైన లాయోష్ చిసార్ అమెరికా వెళ్ళి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కోచ్ అయ్యాడు. ఆయన శిష్యుడు డేవ్ మికానిక్ మూడు ఒలింపిక్స్ ఆడి వచ్చి, అదే హాలులో ఆయన తర్వాత 1974లో కోచ్‌గా నిలబడి 2009 దాకా నేర్పాడు. ఆడినవాడు ఆడిన చోటికే తిరిగొచ్చి ముప్ఫై అయిదేళ్ళు పాఠం చెప్పడం! కాలేజీ అంటే అదీ.

ఇక మన భవాని. సామర్లకోట మూలాలున్న కుటుంబం, తండ్రి అర్చకుడు, పుట్టి పెరిగింది చెన్నైలో. 2004లో బళ్ళో ఆటలకి పేర్లిస్తుంటే మిగతావన్నీ నిండిపోయి ఫెన్సింగ్ ఒక్కటే మిగిలింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ సేబర్ మొదలైంది కూడా ఆ ఏడాదే, ఏథెన్స్‌లో. కత్తులు ఖరీదు, విరిగితే మళ్ళీ కొనలేరు, అందుకని వెదురు కర్రలతో సాధన చేశారు. పద్నాలుగేళ్ళ వయసులో టర్కీలో మొదటి అంతర్జాతీయ పోటీ. మూడు నిమిషాలు ఆలస్యమైందని బ్లాక్ కార్డు చూపించి బయటికి పంపేశారు. తల్లి రమణి నగలు కుదువపెట్టి పంపిన బిడ్డ ఆమె.

పదో తరగతి అయ్యాక కేరళలోని తలశ్శేరిలో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో కోచ్ సాగర్ లాగు చేతికింద పడింది. డిగ్రీ అక్కడి బ్రెన్నెన్ కాలేజీలోనే చదివింది. ఆమె కాళ్ళకి నడక నేర్పింది తలశ్శేరి. ఇటలీలోని లివోర్నోలో కోచ్ నికోలా జనోట్టి దానికి పదును పెట్టాడు. లివోర్నో అంటే సామాన్యమైన ఊరు కాదు. 1920లో ఒకే ఒలింపిక్స్‌లో అయిదు స్వర్ణాలు గెలిచిన నేడో నాడిది ఆ ఊరే. తాత, తండ్రి, మనవడు మూడు తరాలుగా ఒలింపిక్ పతకాలు తెచ్చిన మోంటానోల ఇల్లూ అక్కడే. టోక్యో ఒలింపిక్స్‌లో భవాని నాడియా బెన్ అజీజీని 15-3తో ఓడించి, ఆ పోటీలోనే కాంస్యం గెలిచిన మానోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. తర్వాత ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్ వెళ్ళి క్రిస్టియన్ బవర్ దగ్గర చేరింది. 2008 ఒలింపిక్స్‌లో చైనాకి చోంగ్ మాన్ చేత సేబర్ స్వర్ణం తెప్పించిన బవర్ ఆయనే. 2023 జూన్‌లో చైనాలోని వూషీలో జరిగిన ఆసియా ఫెన్సింగ్ చాంపియన్‌షిప్‌లో ప్రపంచ చాంపియన్ మిసాకి ఎమురాని 15-10తో కొట్టి, సెమీస్‌లో ఒక్క పాయింటు తేడాతో, 14-15తో ఆగింది. కాంస్యం. ఆసియా చాంపియన్‌షిప్‌లో మన దేశానికి అదే మొదటి ఫెన్సింగ్ పతకం.

ఈ వరసలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. మంచి లెసన్ కోసం మన పిల్ల ఊరు దాటి, రాష్ట్రం దాటి, చివరికి దేశమే దాటాల్సి వచ్చింది. కత్తి మనకి కొత్తదా? గరిడీలు, తాలింఖానాలు ఉన్న నేల ఇది. కర్రసాము, కత్తిసాము నేర్పే ఉస్తాదులు వీధికొకరు ఉండేవారు. పీర్ల పండక్కీ దసరాకీ వాళ్ళ శిష్యులు బజారున పడి ఆడేవాళ్ళు. ఆ ఉస్తాదులూ శిష్యుడి దెబ్బ తామే కాచుకుని నేర్పినవాళ్ళే. ఆ సామునీ నిలబెట్టుకోలేదు, ఈ ఆటకీ గురువుల్ని తయారుచేసుకోలేదు. కత్తి అంటే మనకి మిగిలింది కాంతారావు గారి సినిమాలు. ఆయన మీద నాకు ఎనలేని గౌరవం, ఆ చేతి వాటం చూసే నాకు కత్తి మీద మోజు పుట్టింది. అయితే సినిమాలో ఇద్దరూ ముందే మాట్లాడుకుని కత్తికి కత్తి కొడతారు. ఇప్పుడు వార్షికోత్సవాల్లో పిల్లలకి ఫెన్సింగ్ దుస్తులు తొడిగి ఆ గంతులే వేయించి, పైగా దానికి శిక్షణ అని పేరు పెడుతుంటే కడుపు మండుతుంది.

అంతకంటే మండేది సర్టిఫికెట్ వ్యవహారం. పోటీ తక్కువ ఉన్న ఆట కదా, స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని చేరతారు. నాలుగు నెలలు జాకెట్టు వేసుకుని, ఒక మీట్‌కి వెళ్ళొచ్చి, కాగితం చేతికందగానే మాయమైపోతారు. పిల్లల్ని అనను. అలా చేర్పించుకుని, లెసన్ అనే మాటే ఎత్తకుండా పాతికమందిని వరసలో నిలబెట్టి ముందుకీ వెనక్కీ నడిపించి పంపేసేవాళ్ళని అంటాను. వాళ్ళు కొనే సరుకు ఇంకా ఘోరం. 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో విరిగిన కత్తి మాస్కులోంచి దూసుకుపోయి వ్లాదిమిర్ స్మిర్నోవ్ చనిపోయాడు. అంతటి ఒలింపిక్ చాంపియన్ అలా పోయాకే మాస్కులకీ, దుస్తులకీ, కత్తుల ఉక్కుకీ కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. అవన్నీ గాలికొదిలి, ఏ ముద్రా లేని మాస్కు, వేలితో నొక్కితే సొట్టపోయే జాలీ ఉన్నది, చవగ్గా వచ్చిందని పదో తరగతి పిల్ల మొహానికి తగిలిస్తారా? డబ్బు లేకపోతే వెదురు కర్రలతో నేర్పండి, భవాని అలాగే నేర్చుకుంది. నకిలీ మాస్కు మాత్రం పెట్టకండి.

నేనుండే సూరత్ సంగతి చెబుతాను. 2022 జాతీయ క్రీడలు గుజరాత్‌లో జరిగినప్పుడు మా ఊరికి టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్ వచ్చాయి. ఫెన్సింగ్ గాంధీనగర్‌లో పెట్టారు. భవాని అక్కడ జాతీయ క్రీడల్లో వరసగా మూడో స్వర్ణం గెలిచింది. మా ఊరి లింబాయత్‌లో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. పవర్‌లూమ్ మగ్గాల మీద రాత్రీ పగలూ పనిచేసే ఇళ్ళు. ఆ పిల్లల చేతి చురుకు చూసినవాణ్ణి నేను. తెగిన పోగుని కళ్ళతో వెతక్కుండా వేళ్ళతోనే పట్టేస్తారు. సేబర్ కోచ్‌కి అలాంటి వేళ్ళు దొరకడం వరం.

అందుకే ఇక్కడి వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయాన్నీ, అక్కడ ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలనీ అడుగుతున్నాను. జాతీయ స్థాయిలో ఆడి ముప్ఫై దాటినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఆటకి సంబంధం లేని ఉద్యోగాల్లో కుదురుకుని కత్తి అటకెక్కించారు. వాళ్ళని పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థకి పంపి కోచింగ్ డిప్లొమా చేయించండి. పదకొండు నెలల కాంట్రాక్టు ఇచ్చి ఏటా ఇంటికి పంపేయకుండా పూర్తి ఉద్యోగం ఇవ్వండి. ఒక కోచ్ ఒంట్లో ఓపికని బట్టి పూటకి అయిదారు లెసన్లు ఇవ్వగలడు, అంతకుమించి ఇస్తే పాఠం పలచబడుతుంది. కాబట్టి పన్నెండుమంది పిల్లలకి ఇద్దరు కోచ్‌లు కావాలి, ఒకరితో సరిపెట్టకండి. కొనుగోళ్ళ జాబితాలో దీపాల పెట్టె కంటే ముందు కోచ్ తోలు జాకెట్టు రాయండి. ఇంకొకటి, లింబాయత్ పిల్లలకి సాయంత్రం ఏడు దాటితే గానీ ఇంట్లో పని తెమలదు. హాలు తాళం ఆరింటికే వేసేయకండి.