కొలిమి దగ్గరే కొనండి

అడవిలోకి వెళ్ళేటప్పుడు ఏ కత్తి పట్టుకెళ్ళాలని అడిగే కుర్రాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మారేడుమిల్లి వైపు గుడారాలు వేసుకుని రాత్రుళ్ళు గడిపే సరదా పెరిగింది కదా. వాళ్ళు ఫోన్లో చూపించేవి చాలావరకు స్వీడన్, ఫిన్లాండ్ కత్తులు. అలుగు బెత్తెడు, పిడి బెత్తెడు. మంచి కత్తులే, కాదనను. కెనడా అడవుల్లో ఎందరికో అడవి బతుకు నేర్పిన మోర్స్ కొచాన్‌స్కీ కూడా అలుగు అరచేతి వెడల్పంత ఉంటే చాలన్నాడు. ఆయన చెప్పింది మెత్తని కలప దొరికే చలిదేశపు అడవికి. అడ్డతీగల కొండల్లో ముళ్ళ వెదురు పొద ముందు ఆ కత్తితో నిలబడితే పూట గడిచినా పని తెమలదు.

ఇక్కడి సంతల్లో దొరికే కొంకికత్తిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. వెన్ను మందంగా ఉంటుంది. బరువంతా ముందుకి ఉంటుంది. చివర లోపలికి వంపు తిరుగుతుంది. ఆ వంపుతో ముళ్ళకొమ్మని చెయ్యి పెట్టకుండా దగ్గరికి లాక్కోవచ్చు. నేలబారు తుప్ప నరికేటప్పుడు మొన రాయికి తగలదు. దెబ్బకి కావలసిన బలం సగం కత్తి బరువే ఇస్తుంది కాబట్టి భుజం అలసిపోదు. కొండరెడ్లు, కోయదొరలు తరాలుగా ఈ కొండల్లో చేసిన పనే ఆ ఆకారాన్ని తీర్చింది.

వెదురు దగ్గరే కత్తి సంగతి బయటపడుతుంది. బొంగుని అడ్డంగా కొడితే వాదర జారిపోతుంది, ఏటవాలుగా కొట్టాలి. ఒకే చోట బాదకుండా చుట్టూ తిప్పుతూ కొడితే చీలకుండా తెగుతుంది. బొంగులో కోడి వండాలంటే ఒక కణుపు అడుగున మిగిలేలా, దానికి కాస్త కిందుగా నరకాలి. బద్దలు తియ్యడం ఇంకా సొగసైన పని. బొంగు కొసన వాదర ఆనించి, వెన్ను మీద కర్రముక్కతో మెల్లగా తట్టాలి. రాయితో ఎప్పుడూ కొట్టకూడదు. నోరు తెరుచుకున్నాక కొట్టే పని ఉండదు, కత్తిని మెలితిప్పుతూ కిందికి దింపడమే. చీలిక ఒక పక్కకి పోయి ఒక బద్ద పలచబడుతుంటే, మందంగా ఉన్న రెండో బద్దని ఎక్కువగా వంచాలి, చీలిక మళ్ళీ నడిమికి వస్తుంది. బుట్టలల్లే కొండరెడ్డి ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ఈ పని చేసేస్తారు. వాళ్ళ చేతుల వంక ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

జీలుగు కల్లు తీసే కత్తి కొంకికత్తికి పూర్తిగా వేరు. పలచన, తేలిక. జీలుగు గెలని రోజూ సన్నటి పొర మేర మాత్రమే కోయాలి. కోత మందమైతే గెల త్వరగా అయిపోతుంది, వాదర మొద్దుబారితే గెల నలుగుతుంది. ఈ చిన్న కత్తి వెనక పెద్ద చరిత్ర ఉంది. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కుని కాంట్రాక్టర్ల చేతిలో పెట్టి, పైగా చిగురుపన్ను అనే కల్లు పన్ను వేసినందుకు 1879లో రంపచోడవరం ప్రాంతం తిరగబడింది. పోడు కోసం కొండ నరుక్కోవడాన్ని 1882 మద్రాసు అడవి చట్టం కట్టడి చేసింది. ఆ కడుపుమంట నలభై ఏళ్ళు రగిలి, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. ఆ అక్టోబరు 15న ఆయన దళం వచ్చింది ఈ అడ్డతీగల పోలీసు స్టేషనుకే. చేతిలో కత్తి ఉండి కూడా దేన్ని కోసుకోవాలో ఇంకెవరో చెప్పే రోజులవి.

ఇక ఎంపిక. నేను ముందు చూసేది కత్తిని కాదు, కమ్మరిని. ఇక్కడి కత్తి చాలావరకు లారీ కమాను పట్టీలోంచి పుడుతుంది. అది మంచి ఉక్కే, నూటికి అర పాలుకి కాస్త అటూ ఇటూగా కర్బనం ఉంటుంది, దెబ్బకి తట్టుకుంటుంది. ఒకప్పుడు నిజామాబాదు దగ్గర కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ మూసలు ఆరిపోయాయి. నిప్పు రంగు చూసి ఇనుము సంగతి చెప్పగల కళ్ళు మాత్రం ఏజెన్సీ కొలుముల దగ్గర ఇంకా ఉన్నాయి. ఎర్రగా కాలిన అలుగుని ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. మళ్ళీ సన్నని సెగ మీద పెడితే మెరిసే ఉక్కు మీద ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం పాకుతాయి. నరికే కత్తికి ఊదా దాటుతుండగా ఆపాలి. క్షణం ఆలస్యమైతే మెత్తబడుతుంది.

ఈ పని సరిగ్గా జరిగిందో లేదో దుకాణంలో తెలియదు. పచ్చి వెదురు కణుపు మీద పది దెబ్బలు వేసి వాదరని వెలుతురుకి పట్టి చూడాలి. మడతపడితే మెత్తన, పెచ్చులూడితే పెళుసు. రెండింటికీ మందు కొలిమిలోనే ఉంది. అందుకే పేరున్న కంపెనీ కత్తి కన్నా, మళ్ళీ సంతలో కనబడే మనిషి చేసిన కత్తి నాకు నమ్మకం. నా కత్తి చేసిన పెద్దాయన డబ్బు తీసుకుంటూ, “వాడి చూడు బాబూ. ఎక్కడ వంగిందో చెప్పు, పై సంతకి సరిచేస్తాను” అన్నాడు. అంతకన్నా గట్టి హామీ కాగితం నేను చూడలేదు.

పిడి సంగతి చాలామంది పట్టించుకోరు. వానలో, చెమటలో పట్టు జారకుండా చివర కాస్త ఉబ్బు ఉండాలి. చిరిమాను కర్ర మేలు. తోక పిడిలోకి లోతుగా దిగాలి, సందు లక్కతో నిండాలి, మెడ దగ్గర పొన్ను బిగుతుగా ఉండాలి. వాడాక తుడిచి, ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. తడి ఒరలో వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు.

రిజర్వు అడవిలో పచ్చికొమ్మ నరకడానికి పర్యాటకులకి హక్కు లేదు. ఎండి రాలిన కట్టెతోనే నేర్చుకోండి, వెదురు సంతలో కొనుక్కోండి. అలుగు పొడవు తొమ్మిది అంగుళాలు మించినా, వెడల్పు రెండు అంగుళాలు మించినా, ఆ కత్తి ఇల్లు, సేద్యం లాంటి పనులకి చేసింది కాకపోతే ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. బస్సులో అయితే గుడ్డ చుట్టి, మూట అడుగున పెట్టుకోండి.

తొలకరికి ముందు నెలల్లో కమ్మరికి ఊపిరాడదు. నాగలి కర్రులు, కొడవళ్ళు వరసకట్టి ఉంటాయి. విత్తనాలు పడ్డాక వెళ్ళండి, బేరమాడకండి. పిడి కొలతకి మీ చెయ్యి చూపించండి. ఎడమచేతి వాటమైతే ముందే చెప్పండి. వాదరని ఒక పక్కే దిద్దే కమ్మరి అయితే పక్క మార్చి దిద్దుతాడు.